చేతులు కడుక్కుని పెట్టిన సంతకం

పదకొండు గంటలకు రమ్మన్నారు, నేను పదికే వచ్చి కూర్చున్నాను. మనవాళ్ళు ఆ భవనంలోకి చెప్పిన వేళకు వెళ్తే ఆలస్యంగా వెళ్ళినట్టే లెక్క అనేది మా అమ్మ. ఆమె పోయి ముప్పై ఏళ్ళు దాటినా నా కాళ్ళు ఇంకా ఆమె గడియారం ప్రకారమే నడుస్తున్నాయి. ప్రిన్సిపాల్ గది బయట రెండే కుర్చీలు. ఒకదాంట్లో నేను కూర్చుని, టోపీ తీసి రెండో దాంట్లో పెట్టాను. నేలకు పూసిన మైనం వాసన మారలేదు. గోడల రంగు మారింది, కిటికీలు మారాయి, అప్పుడు తెల్లవాళ్ళ హైస్కూలుగా ఉన్నది ఇప్పుడు అందరి పిల్లలూ ఎనిమిదో తరగతి దాకా చదివే మిడిల్ స్కూలు అయింది, వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు, నా కోసం యాభై ఎనిమిదేళ్ళు ఇక్కడే కూర్చున్నట్టుంది. గాజు కిటికీ వెనక నుంచి లవెర్న్ తల ఎత్తి చూసింది. ఆదివారం చర్చిలో మా వెనక వరసలో కూర్చుని పాడే మనిషి, ఇక్కడ ఆఫీసు గుమాస్తా.

“ఆల్టన్ గారూ, ఇంకా గంటుంది. కాఫీ ఇమ్మంటారా?”

“వద్దమ్మా.”

“నిన్న అంత వాన పడింది, చేలో పనేం లేదా?”

“ఉంది.”

“మరి?”

“ఇదీ ఉంది.”

“మీ నోట్లోంచి మాట రావాలంటే గునపం పట్టుకుని తవ్వాలండీ బాబూ,” అని నవ్వి మళ్ళీ కంప్యూటరు వైపు తిరిగింది. నిజమే, చేలో పని ఉంది. నిన్నటి వానకు నేల సరిగ్గా వచ్చింది, పిడికిట్లోకి తీసుకుని నొక్కితే ముద్ద అవుతుంది, వేలితో పొడిస్తే విడిపోతుంది, చిలగడదుంప తీగ నాటడానికి ఏడాదిలో ఇలాంటి రోజులు నాలుగో అయిదో వస్తాయి, తడిగోనె కింద తీగలు కత్తిరించి పెట్టి ఉన్నాయి, రేపటికి సగం వాడిపోతాయి. పోతే పోనీ. ఇవాళ పదో రోజు. బడి పంపిన కాగితం వెనకవైపు, ఒప్పుకోకపోతే పది రోజుల్లో చెప్పాలని రాసి ఉందట. ఇవాళ దాటితే నా మనవరాలు నైలా ఎనిమిదో తరగతిలో బీజగణితం చదవదు, మామూలు లెక్కలు చదువుతుంది, ఎనిమిదిలో అది లేనివాళ్ళు తొమ్మిదిలో దాని తరవాతది చదవలేరు, అలా ఆ మెట్ల వరస మొత్తం పక్కకు తిరిగి ఇంకో వైపుకు దిగుతుంది. ఎటు దిగుతుందో నాకు తెలుసు. దిగినవాణ్ణి నేనే. ఆ కాగితం మీద “అంగీకరిస్తున్నాను” అన్న చోట సంతకం పెట్టిందీ నేనే.

నోట్లో ఒక మాట తిప్పుకుంటున్నాను. చదవకుండా పెట్టాను. రెండే మాటలు. లోపల ప్రిన్సిపాల్ గారి ముందు, ఏ పిల్ల ఏ తరగతి చదవాలో తేల్చే ఆ సలహాదారు ముందు, అనాలి. ఇంట్లో అద్దం ముందు అన్నాను, ట్రక్కులో వస్తూ అన్నాను, గొంతులో ఎక్కడో పొట్టులా అడ్డం పడుతోంది. నేను చదవగలను. రోజూ పేపరు చదువుతాను, మందుల సీసా మీద చీమల్లాంటి అక్షరాలు చదువుతాను, చర్చిలో వాక్యం చదివేది నేనే. కానీ డెబ్బై ఒక్కేళ్ళ నల్ల రైతు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి చదవకుండా పెట్టానండీ అంటే, వాళ్ళు వినేది వేరు. పాపం ముసలాయనకు చదువు రాదు కాబోలు అనుకుంటారు. మొహం మెత్తగా పెడతారు. ఆ మెత్తదనం నాకు తెలుసు, అది చూడకుండా ఉండడానికే నా జీవితంలో సగం మాటలు మానేశాను.

ఎలా పెట్టానంటే, అలా పెట్టడమే మాకు అలవాటు. బడి నుంచి వచ్చిన కాగితం మురికి చేత్తో ముట్టుకోకూడదు. రాత్రి భోజనాలయ్యాక అమ్మ పొయ్యి మీది వేడినీళ్ళు గిన్నెలోకి వంచుకుని, సబ్బు రుద్దుకుని, మోచేతుల దాకా కడుక్కుని, శుభ్రమైన గుడ్డతో తుడుచుకుని, బల్ల మీద మొక్కజొన్న రొట్టె పొడి లేకుండా ఊడ్చి, అప్పుడు కాగితం ముందు పెట్టుకునేది. పొగాకు జిగురు నల్లగా పట్టిన వేళ్ళు అవి, ఆగస్టులో ఎంత రుద్దినా పోదు, అయినా రుద్దేది. పెన్సిలు నాలుక మీద తడి చేసి, తన పేరు, ఎలిజా రఫిన్ అని, ఒక్కో అక్షరానికీ ఆగి, విత్తనం పెట్టినట్టు రాసేది. మర్నాడు పొద్దున్నే అది మళ్ళీ బడికి చేరిపోవాలి, ఒక్క పూట ఇంట్లో ఆగకూడదు, ఆలస్యమైతే మనకి లక్ష్యం లేదనుకుంటారు అనేది. నైలా నా ముందు కాగితం పెట్టిన రోజు నేనూ అదే చేశాను. కూతురు నార్ఫక్ ఆస్పత్రిలో నర్సు, శనివారాలు వస్తుంది, మిగతా రోజులు పిల్ల బాధ్యత నాది. చేతులు కడుక్కున్నాను. తుడుచుకున్నాను. ఎక్కడ పెట్టాలో ఎవరో ఇంటూ గుర్తు వేసి పంపారు, అక్కడ పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకోలేదు. బడి వాళ్ళు మంచికే పంపుతారన్న నమ్మకం మా అమ్మది. ఆమెకు ఆ నమ్మకం ఇచ్చిన బడి వేరే. అది ఈ బడి కాదు. నేను ఆ రెండిటినీ కలిపేశాను, అదీ నా తప్పు.

ఆ బడి రెండు గదులు. నది వైపు పోయే మట్టిదారి పక్కన, పైన్ చెట్ల మధ్య. మా తాతల తరంలో పలకలు వాళ్ళే కోసి, మేకులు వాళ్ళే కొట్టి కట్టుకున్నది. చలికాలం మధ్యలో ఇనప పొయ్యి, చుట్టూ చిన్నపిల్లలు, వెనక పెద్దవాళ్ళు. పొయ్యికి దగ్గరున్నవాడి మోకాళ్ళు కాలేవి, దూరంగా ఉన్నవాడి ముక్కు కారేది, గంటకోసారి చోట్లు మార్చేది మిస్ ఒడెస్సా పెటిఫర్డ్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ మడత పోని బూడిదరంగు గౌను. తెల్ల బడి వాళ్ళు వాడి పారేసిన పుస్తకాలు మాకు వచ్చేవి, మొదటి పేజీ నిండా వాళ్ళ పిల్లల పేర్లు, చివర్న ఒక్క గీతలో చోటు. “ఆ గీతలో నీ పేరు రాయి, అందరికంటే చక్కగా రాయి,” అనేది. ఎవరైనా తెలీదండీ అంటే, “తెలీదా, ఇంకా తెలీదా?” అని అడిగేది. ఇంకా తెలీదండీ అనాలి. ఆ ఒక్క మాట చేర్చేదాకా కూర్చోనిచ్చేది కాదు. ఎండలో పొగాకు కట్టి వచ్చిన పిల్లలం, కళ్ళు మూతలు పడుతుంటే కూడా ఆ మాట చేర్చేవాళ్ళం. ఇప్పటికీ ట్రాక్టరు ఎక్కడ ఆగిందో అర్థం కానప్పుడు, ఇంకా తెలీదు, అని పైకే అంటాను, నైలా నవ్వుతుంది.

ఒక సాయంత్రం ఆమె పొగాకు ఆరబెట్టే మా బ్యారన్ దగ్గరికి వచ్చింది. ఆడవాళ్ళు ఆకు కర్రలకు కడుతున్నారు, నాన్న పైన దూలాల మీద కాళ్ళు చాపి నిలబడి కర్రలు అందుకుంటున్నాడు, నేను కింద నుంచి అందిస్తున్నాను. “ఆల్టన్, ఇందులో మొత్తం ఎన్ని కర్రలు పడతాయి?” అంది. లెక్కపెట్టి ఎరగను, కానీ కళ్ళు పైకి పోయాయి. ఒక వరసకు ఇన్ని, ఇన్ని అరలు, ఇన్ని గదులు, తలుపు మీద చోటు పోతే ఇంత తక్కువ. చెప్పాను. “తలుపు సంగతి నీకెవరు చెప్పారు?” “ఎవరూ చెప్పలేదండీ, అక్కడ కర్ర నిలవదు.” ఆమె మా అమ్మ వైపు తిరిగి, “మిసెస్ రఫిన్ గారూ, ఈ పిల్లాడు అంకెల్ని చూడగలడు. చాలామంది రాస్తారు. వీడు చూస్తాడు,” అంది. మా అమ్మను మీరు అని, గారు అని పిలిచే మనిషి ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కర్తే. అమ్మ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి ఆమె మా వసారాలో చిక్కుడు గింజలు, రొట్టె తిని, రెండోసారి వడ్డించుకుని మరీ తింది. ఆ పై ఆదివారం చర్చిలో మార్కుల కాగితాలు చదివే రోజు. పిల్లలు లేచి నిలబడాలి, మార్కులు పైకి చదవాలి, బాగా వస్తే చప్పట్లు, తక్కువొస్తే “మళ్ళీసారి వస్తాయిలేరా నాయనా” అని ముసలమ్మలందరూ ఒకేసారి. అదీ చప్పట్లంత గట్టిగానే ఉండేది. నేను లేచాను. మా నాన్న నేల చూస్తున్నాడు, ఏడుపు ఆపుకోడానికి. బల్లల మీద విసనకర్రలు ఊగడం ఆగిపోయింది. అంత మంది నా వైపు చూసి నేను పైకి పోతాననే అనుకున్నారు, ఒక్కరు కూడా వేరేగా అనుకోలేదు. ఆ ఉదయం మళ్ళీ రాలేదు. ఎక్కడన్నా దొరుకుతుందేమోనని ఇప్పటికీ ఆ చర్చిలో అదే చోట కూర్చుంటాను.

తరవాత వేసవిలో ఇంకో కాగితం వచ్చింది. ఏ బడికి పంపుతారో మీరే ఎంచుకోండి అని. ఎంచుకోండి అన్నారే కానీ, తెల్ల బడి ఎంచుకున్నవాళ్ళకు కొట్టులో అరువు ఆగిపోయింది, ఒకాయనకు కౌలు పోయింది. అమ్మ చేతులు కడుక్కుంది. ఈసారి చాలాసేపు. దీపం దగ్గరికి జరుపుకుని కాగితం మొత్తం, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది. అది నేను చూశాను. మర్చిపోయాను. చేతులు కడుక్కోవడం గుర్తుంది కానీ చదవడం మర్చిపోయాను, ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుంటే గుర్తొస్తోంది. చదివి, అప్పుడు పెట్టింది.

గంట మోగింది. తలుపులన్నీ ఒకేసారి తెరుచుకుని వసారా నిండా పిల్లలు, నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, మెక్సికో వాళ్ళు, ఒకరి భుజం మీద ఒకరు పడుతూ. అప్పుడు నల్లపిల్లలం మేం నలుగురమే. ఈ వసారాలోనే గోడ వైపు నడిచేవాళ్ళం. ఎదురుగా గాజు అలమరాలో పాత తరగతుల ఫొటోలున్నాయి, మా సంవత్సరంది కూడా, చివర్న నేను, నా పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. మిస్టర్ కోబర్న్ గారి ఎనిమిదో తరగతి లెక్కలు, ఆ మూల గదిలో. తొట్టె లెక్క. ఒక గొట్టం నింపుతుంది, ఇంకోటి ఖాళీ చేస్తుంది. నాకు తొట్టె కనిపించింది, నీళ్ళు పైకి రావడం కనిపించింది. నూటికి నూరు వచ్చింది. ఆయన కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండానే, “ఎవరిది చూశావు?” అన్నాడు. ఎవరిదీ లేదండీ. “డ్వైట్, వీడు నీ కాగితం చూశాడా?” డ్వైట్ హార్డిసన్ నా పక్క బల్ల. తొట్టె లెక్క వాడికి తప్పు వచ్చింది, ఆ వరసలో అందరికీ తప్పే, తప్పు కాగితాల్లోంచి ఒప్పు ఎలా చూసి రాస్తానో పదమూడేళ్ళ పిల్లాడికి కూడా అర్థమవుతుంది. డ్వైట్‌కి అర్థమైంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. కిటికీ వైపు చూసి భుజాలు ఎగరేశాడు. అంతే. ఏమో అన్నట్టు. మధ్యాహ్నం మంచినీళ్ళ కుళాయి దగ్గర ఎవరూ లేనప్పుడు వచ్చి, వేరుశనగ ముద్ద పెట్టిన బిస్కెట్లు సగం నా చేతిలో పెట్టి పోయాడు. తిన్నాను. ఆకలి వేసింది, తిన్నాను. పండగ సెలవులు కాగానే నన్ను వ్యవసాయం తరగతికి మార్చారు. నీకు అదైతే బాగుంటుంది, నీది రైతు చెయ్యి అన్నారు. అమ్మకు కాగితం వచ్చింది. ఆమె బడికి నడిచి వచ్చింది, శుభ్రమైన గౌను వేసుకుని, గంట ముందే. ఇదిగో ఈ పక్కనే నిలబడింది, అప్పుడు కుర్చీల్లేవు, ఉన్నా మాకు కాదు. లోపల, “ఎలిజా, నువ్వు దీని గురించి బెంగపెట్టుకోకు,” అన్నారట. ఇంటికి వచ్చి అది ఒక్కటే చెప్పింది. తనతో లోపలికి వచ్చే మనిషి ఒక్కరు ఉంటే, అని మొదలుపెట్టి, ఆపేసి, పొయ్యి రాజేసింది.

మంచి రైతునే అయ్యాను. వాళ్ళు అన్నది అబద్ధం కాకపోవడమే నన్ను ఎక్కువ బాధ పెట్టింది. డ్వైట్‌ది నా పక్క పొలం. నలభై ఏళ్ళు ఒకరి డిస్కు గొర్రు ఒకరు వాడుకున్నాం, ట్రక్కులో ఎదురైతే స్టీరింగు మీంచి రెండు వేళ్ళు ఎత్తుకున్నాం. పోయే ముందు ఏడాది, కంచె దగ్గర నిలబడి, చెరుకు పిప్పిలా ఉన్నాడు అప్పటికే, “ఒరేయ్ ఆల్టన్, నువ్వు కాపీ కొట్టలేదని నాకు తెలుసురా,” అన్నాడు. “నీకు తెలుసని నాకూ తెలుసు,” అన్నాను. “అప్పుడే చెప్పాల్సింది.” “అవును.” ఇద్దరం కాసేపు కంచె తీగ చూశాం. “వాన వచ్చేట్టుంది,” అన్నాడు. వాణ్ణి నేను ద్వేషించలేదు. చివరి రోజుల్లో వాళ్ళింటికి రొట్టెలు పట్టుకెళ్ళాను. కానీ ఆ భుజాలు ఎగరెయ్యడం మాత్రం వెనక్కి తీసుకోవడానికి ఎవరి వల్లా కాలేదు.

వాడి మనవరాలు మాడీ, మా నైలా ఒకే తరగతి. సాయంత్రాలు ఫోన్లో మా పిల్ల ఆ పిల్లకు భిన్నాలు చెబుతుంది, “అబ్బ, మొద్దూ, కింది అంకెలు కలపకే!” అని అరుస్తుంటే నేను వంటింట్లో నవ్వుకుంటాను. మాడీకి బీజగణితం ఇచ్చారు. ముందు ఇవ్వలేదట, వాళ్ళ నాన్న కాగితం వెనకవైపు చదివి ఒప్పుకోనని రాసి పంపాడట, ఇచ్చేశారు. మా నైలాకు లెక్కల్లో తొంభై ఏడు. పేరు జాబితాలో లేదు. పిల్ల మీద ఒత్తిడి పడుతుందేమో, ఇంకో ఏడాది ఆగితే మంచిది అని సలహాదారు రాశారట. ఇవన్నీ నాకు ఫోన్లో చెప్పింది వాళ్ళ లెక్కల టీచరు మిస్ టాలీ. తెల్లమ్మాయి, చిన్నది, ఉద్యోగంలో రెండో ఏడు. మొన్న సాయంత్రం. “మిస్టర్ రఫిన్ గారూ, మీరు ఆ కాగితం చదివే సంతకం పెట్టారా?” నా జవాబుకు ఆగకుండా తనే చెప్పుకుపోయింది. “నేను నైలా పేరు మొదట రాశాను, వాళ్ళు తీసేశారు. పదో రోజు లోపల మీరు వచ్చి అడిగితే ఇచ్చి తీరాలి. కానీ... నేను ఫోన్ చేశానని అనకండి, దయచేసి. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.” అననమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక అక్కడే నిలబడ్డాను. సగం బిస్కెట్టు, అనుకున్నాను. మళ్ళీ సగం బిస్కెట్టు. తరవాత సిగ్గేసింది. వీళ్ళలో ఫోన్ చేసింది ఆ పిల్ల ఒక్కతే కదా.

నైలాను పిలిచి అడిగాను. సంతకం పెట్టిన రోజు నాకెందుకు చెప్పలేదే అని. బల్ల మీద గోరుతో గీస్తూ ఉంది. “నువ్వు చదివే పెట్టావనుకున్నాను తాతా.” చదివితే పెడతానా? “ఏమో. నీకూ అలాగే అనిపించిందేమో అనుకున్నాను. నాకు రాదని.” పన్నెండేళ్ళ పిల్ల ఆ మాట పట్టుకుని ఆరు రోజులు నా బల్ల దగ్గరే తిని, నా ఇంట్లోనే పడుకుంది. ఒక్క ముక్క అనలేదు. మాటలు దాచుకోవడం నా దగ్గరే నేర్చుకుంది. విసనకర్రలన్నీ ఆగిపోయిన ఆ ఉదయం నాకు అంత మంది ఇచ్చింది, ఈ పిల్లకు నేనొక్కణ్ణి ఉండి ఇవ్వలేకపోయాను. రాదని కాదే పిచ్చితల్లీ, అన్నాను. మీ తాత కళ్ళద్దాలు పెట్టుకోలేదు. అంతకన్నా రాలేదు నా నోట. అది తల ఊపింది కానీ నమ్మలేదు. నమ్మాలంటే ఇవాళ సాయంత్రం నేను ఏదో ఒకటి పట్టుకుని ఇంటికి వెళ్ళాలి.

పదకొండుకు అయిదు నిమిషాలు. వసారా ఖాళీ అయింది. చదవకుండా పెట్టాను. చదవకుండా పెట్టాను. పొట్టు కొంచెం జరిగింది. మూల గది వైపు నుంచి అడుగులు, గబగబా, ఆగి, మళ్ళీ గబగబా. మిస్ టాలీ. మార్కుల పుస్తకం రొమ్ముకు హత్తుకుని వస్తోంది, ఇంత దూరం నుంచే చెవులు ఎర్రగా కనిపిస్తున్నాయి. నన్ను దాటి టీచర్ల గదిలోకి పోతుందనుకున్నాను. నేను చూడనట్టు ఉంటే ఆమెకు తేలికని గోడ వైపు చూశాను. అడుగులు ఆగాయి.

“ఈ గంట నాకు తరగతి లేదు,” అంది. “నేనూ లోపలికి వస్తాను. ఫోన్ చేసింది నేనేనని చెబుతాను, మీరు దాచక్కర్లేదు.”

“నీ ఉద్యోగం అన్నావు కదమ్మా.”

“అన్నాను.” కిటికీ వైపు చూడలేదు, నా వైపే చూస్తోంది. “రాత్రంతా నిద్ర పట్టలేదు. అక్కడ ఎవరన్నా కూర్చున్నారా?”

కుర్చీలోంచి టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాను. ఆమె కూర్చుంది. ఎదురుగా గాజు అలమరాలో మా నీడలు ఆ పాత ఫొటోల మీద పడుతున్నాయి. గాజు వెనక లవెర్న్ టైపు కొట్టడం ఆపి మా ఇద్దర్నీ చూసింది, ఆదివారం పాట ఎత్తుకునే ముందు చూసినట్టు. “ఆల్టన్ గారూ, రమ్మంటున్నారు,” అంది. తరవాత, ఇంకొంచెం గట్టిగా, “మీ ఇద్దర్నీ.”

లోపల మెత్తగానే కూర్చోమన్నారు. సలహాదారు అప్పటికే నవ్వు సిద్ధం చేసుకుని ఉన్నాడు, మిస్ టాలీని చూసి ఆ నవ్వు కొంచెం పక్కకు జరిగింది. నేను కూర్చోకుండానే అన్నాను. “చదవకుండా సంతకం పెట్టాను. తప్పు నాది, పిల్లది కాదు. వెనక్కి తీసుకుంటున్నాను.” ఇంట్లో అనుకున్నవి రెండు మాటలే, మిగతావి ఎక్కణ్ణుంచి వచ్చాయో. వాళ్ళ మొహాలు నేను అనుకున్నట్టే మెత్తబడ్డాయి. పడనీ. “జాబితాలో ఆ పేరు మొదట రాసింది నేను, ఆయనకు ఫోన్ చేసిందీ నేను,” అని పక్కనుంచి సన్నగా వినిపించింది, మార్కుల పుస్తకం బల్ల మీద తెరుచుకుంది. ప్రిన్సిపాల్ గారు పుస్తకం చూశారు, సలహాదారును చూశారు, చివరకు సొరుగులోంచి ఇంకో కాగితం తీసి, కలం దాని మీద పెట్టి, నా వైపు జరిపారు. “ఇక్కడ పెడితే సరిపోతుందండీ, ఇంటూ వేశాను చూడండి.” కలం తీసి పక్కన పెట్టాను. చొక్కా జేబులోంచి కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నాను. మొదటి వరస కింద వేలు పెట్టి, మిస్ పెటిఫర్డ్ నేర్పినట్టు, అమ్మ దీపం దగ్గర చదివినట్టు, పెదాలు కదిలితే కదలనీ అని చదవడం మొదలుపెట్టాను. ప్రిన్సిపాల్ గారు గడియారం చూశారు. నేను కాగితం వెనక్కి తిప్పాను.